కొవ్వొత్తిని బుగ్గలతో ఊదిన రోజు

మా అన్న నన్ను పనిదొంగ అన్నది గద్వాల దవాఖాన అరుగు మీద, తోటి రోగులందరూ వింటుండగా. ఇంట్లో అని ఉంటే ఏనాడో మరిచిపోయేవాణ్నేమో. అక్కడ అన్నాడు కాబట్టి మరవలేదు.

మాది ఔసలి పని, బంగారు నగలు చేయడం. ఊదుగొట్టం నోట పట్టి, మంటను నగ మీదికి తిప్పి అతుకులు వేయడం నా వంతు. పగలంతా కుంపటి ముందే. అన్న కిటికీ పక్కన గాలికి కూర్చుని రాళ్లు పొదిగేవాడు. నాకు ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత చొక్కా తొడుక్కున్నా వచ్చేది. పనులు మార్చుకుందామని ఎన్నోసార్లు అడిగాను.

"పెండ్లిండ్ల దినాలల్లనే వస్తదా నీ దమ్ము, నీ ఆయాసం?" అనేవాడు.

గట్టు, ఇటిక్యాల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నగల కోసం వాకిట్లో కూర్చుని ఉండేవారు. రోజూ ఈ గొడవ వినలేక వదినె తెగేసి చెప్పింది. "ఇద్దరు దవాఖానకు పోండ్రి. డాక్టర్ రోగమంటే కుంపటి ముందు మీరు కూసోవాలె, లేదంటే మరిది. మల్ల నా ఇంట్ల లొల్లి వద్దు."

ఇద్దరం సరే అన్నాం.

డాక్టరు హైదరాబాదు వైపు నుంచి వచ్చినాయన. ఛాతీ మీద, వీపు మీద స్టెతస్కోపు గొట్టం ఆనించి విన్నాడు. కొవ్వొత్తి వెలిగించి నా మొహానికి జానెడు దూరంలో పెట్టి, "ఊదు" అన్నాడు. ఎలా ఊదాలో చెప్పలేదు. తలుపు దగ్గర ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. నేను ఊదాను. కొవ్వొత్తి ఆరిపోయింది.

"ఆరింది గద. మంచిగున్నవ్, పో" అన్నాడు.

బయటికి రాగానే అన్న పగలబడి నవ్వి ఆ మాట అన్నాడు. "పనిదొంగ! జర సిగ్గుండాలె." బెంచీ మీద ముసలాయన కూడా నవ్వాడు. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

నేను కదలలేదు. ఈ ఊపిరితో మళ్లీ కుంపటి ముందు కూర్చుంటే ఎన్నాళ్లు ఉంటానో నాకే తెలియదు. అట్లాంటిది, కొవ్వొత్తి ఎట్లా ఆరింది? అప్పుడు తట్టింది. ఊదుగొట్టం పట్టేవాడు ఛాతీతో ఊదడు. గాలిని బుగ్గల్లో నింపి, పెదవులు బిగించి వదులుతాడు. ఆ లోపలే ముక్కుతో మళ్లీ పీలుస్తాడు. మంట తెగకుండా ఉండేది అందుకే. అలవాటుకొద్దీ అదే చేశాను.

అన్న చెయ్యి పట్టి లాగుతున్నా విదిలించుకుని లోపలికి వెళ్లాను.

"మల్ల ఏంది?" అన్నాడు డాక్టరు, చిరాగ్గా.

"సాబ్, నేను బుగ్గలతోని ఊదిన. మల్ల సూడుండ్రి."

ఆయన మళ్లీ కొవ్వొత్తి వెలిగించాడు. ఈసారి నా గడ్డం పట్టుకుని కిందికి లాగాడు. "నోరు బార్ల తెరువు. పెదవులు దగ్గరికి రావొద్దు. ఇప్పుడు ఊదు."

ఉన్న బలమంతా పెట్టాను. మంట వంగింది, మళ్లీ నిలబడింది. ఇంకోసారి ఊదాను. అది అంత కూడా వంగలేదు.

"కావాలనే మెల్లగ ఊదుతుండు సాబ్. నాటకం" అన్నాడు అన్న.

"నువ్వు రా" అన్నాడు డాక్టరు. అన్న నోరు తెరిచి ఊదితే కొవ్వొత్తి ఒక్కసారికే ఆరింది. అన్న మొహం కూడా మారింది.

డాక్టరు నా గొంతు మీద గొట్టం ఆనించి, గుండెల నిండా పీల్చి పూర్తిగా వదలమన్నాడు. వదులుతూనే ఉన్నాను. కళ్లు తిరుగుతున్నా గాలి సన్నగా వస్తూనే ఉంది. అన్నను పిలిచి గొట్టం అతని చెవులకు పెట్టాడు.

"ఇనబడుతుందా ఈల? లోపల దారి ఇరుకైంది. నాటకమాడెటోడు గొంతుల ఈల ఎట్ల తెస్తడు?" అన్నాడు. తర్వాత నాతో, "పోయిన ఊపిరి మల్ల రాదు. పొగ దగ్గర కూసోకు, ఉన్నదన్నా మిగులుతది" అన్నాడు.

ఇంటికి వెళ్తూ అన్న దారి పొడుగునా నాకంటే ముందు నడిచి, నేను ఆయాసంతో ఆగినప్పుడల్లా తానూ ఆగాడు, వెనక్కి మాత్రం చూడలేదు.

మర్నాటి నుంచి కుంపటి ముందు అన్న, కిటికీ దగ్గర నేను. తప్పుగా అన్నానని తాను అనలేదు, పోనీలే అని నేనూ అనలేదు. ఆ పెళ్లిళ్ల కాలమంతా అతికిన నగలను అతని చేతిలోంచి నా చేతికి వదినే అందించింది.