పందికొక్కు బొక్కలో జొన్న కంకులు

మన పందికొక్కు ఆస్ట్రేలియా ఎలా చేరింది? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. ఇంగ్లీషులోని బ్యాండికూట్ తెలుగు మాటేనని నిఘంటువులే ఒప్పుకుంటాయి. అక్కడ ఆ పేరును అసలు ఎలుక జాతికే చెందని, కడుపు సంచిలో పిల్లల్ని మోసే ఓ జంతువుకు పెట్టారు. తర్వాత అది క్రియ కూడా అయింది: పైన మొక్క కదలకుండా కింద ఆలుగడ్డలు తవ్వి ఎత్తుకుపోవడం. అంటే, దొంగతనం. క్లాసులో ఇదంతా దర్జాగా చెబుతాను గాని, పందికొక్కు బొక్కను నేనెన్నడూ చూడలేదు. జొన్న కోతలయ్యాక నాందేడ్ జిల్లాలో తెలుగు మాట్లాడే కర్ఖేలి వైపు కూలివాళ్లు ఆ బొక్కలు తవ్వి, పందికొక్కులు దాచుకున్న కంకులు తీసుకుంటారని విని బయలుదేరాను.

నాందేడ్‌లో పొద్దున ఏడింటికి ప్యాసింజర్ ఎక్కితే ఉమ్రి మీదుగా రెండు గంటల లోపే కర్ఖేలి. టికెట్ ముప్పై రూపాయలు, స్టేషన్ నుంచి చేల దాకా ఆటోకు ఎనభై. "పందికొక్కును చూడనీకి నాందేడ్ కెల్లి అచ్చిండ్రా? మా ఇంట్లనే తిరుగుతయ్, రాండ్రి" అని ఆటో ఆయన దారంతా నవ్వాడు.

కోసిన చేలో బొక్క తవ్వుతూ కనిపించిన గంగవ్వకు అరవై దాటి ఉంటాయి. సొంత చేను లేదు. మోకాలి లోతు తవ్వి, సొరంగం చివరి అరలోకి భుజం దాకా చెయ్యి పెట్టి కంకులు లాగుతోంది. సంచి నిండితే నెల రోజుల రొట్టెలకు దిగులుండదట. అది నిండేసరికి చేను యజమాని బైకు దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో.

"అవ్వా, సంచి కింద పెట్టు. నా జొన్నలవి."

"తవ్వినోళ్లయే కంకులు. మీ తాత కాలం కెల్లి గిదే పద్ధతి, గిదే కాయ్దా, పటేలా."

"తాత పోయిండు. పందికొక్కు దొంగతనం జేస్తే నీదైతదా?"

"మరి దాన్నెందుకు పట్టుకోలే? మోసింది అది, తవ్వింది నేను. నువ్వు బైకు మీద అచ్చినవ్."

అతను నావైపు తిరిగాడు. "మేడమ్, సదువుకున్నోళ్లు మీరే చెప్పుండ్రి. పుస్తకాలల్ల దీన్నేమంటరు?"

జవాబు నోటిదాకా వచ్చింది. ఇంగ్లీషులో ఆ పేరే దొంగతనమనే క్రియ అయిందని చెబితే సంచి మొత్తం అతనిదే. "పందికొక్కు మన మాటే. తెల్లవాళ్లు తీసుకుపోయి ఇంకో జంతువుకు పెట్టుకున్నారు" అని మాత్రం అన్నాను.

గంగవ్వ నడుం మీద చెయ్యి వేసుకుంది. "అడిగి తీస్కపోయిండ్రా?"

అతనికి నవ్వాగలేదు. "సరే, సగం ఇడిసి పో" అన్నాడు. ఏటా నిండు సంచి మోసుకెళ్లే మనిషి, సగం అక్కడే గుమ్మరించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: కోతలైన వెంటనే వెళ్లండి, చేలో అడుగు పెట్టేముందు యజమానినీ తవ్వేవాళ్లనూ ఇద్దరినీ అడగండి. మాట చేతులు మారితే అర్థం మారుతుందని ఇప్పటికీ ధీమాగానే చెబుతాను. కానీ ఆ రోజు ఒక అర్థం దాచి గంగవ్వకు సగమైనా మిగిల్చానా, లేక 'ఇది దొంగతనం కాదు' అని గట్టిగా అనకుండా సగం పోగొట్టానా, అది మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.