మా వేణ్నీళ్లు తాగిన ట్రాక్టరు

ఈ పొద్దున గీజరు పాడై, గిన్నెలో నీళ్లు కాచుకున్నాను. ఆవిరి మొహానికి తగలగానే తగరపువలసలో మా పెరడు కళ్ల ముందుకొచ్చింది.

మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది: కట్టెల పొయ్యి, మసి పట్టిన కాగు, పొగ వాసన వేసే వేణ్నీళ్లు. మా ఇంట్లో ఆ వాసనలో డీజిలు కూడా కలిసేది. నాన్న వానాకాలమంతా ట్రాక్టరుతో ఊళ్లో పొలాలు దున్నేవారు. కోతలయ్యాక పనుండదు కదా, ఓ చలికాలం ఎక్కడిదో తుప్పు పట్టిన పాత ట్రాక్టరొకటి తెచ్చి, విప్పుకుని కూర్చున్నారు. బోల్టులన్నీ అమ్మ ఆవకాయ జాడీలో!

"క్రిస్మస్‌కి ఇది కదలకపోతే పాత ఇనప సామాన్లోడికి ఇచ్చేత్తాను," అని అమ్మ తేల్చి చెప్పేసింది.

క్రిస్మస్ పొద్దున ఆ మంచులో నాన్న హ్యాండిలు ఎంత తిప్పినా, చలికి బిగుసుకున్న ఇంజను దగ్గి ఊరుకుంది. ఇంకోసారి. మళ్లీ దగ్గే. స్నానానికి నీళ్లు తోడుతున్న అమ్మ కాసేపు చూసింది. ఏమనుకుందో, కాగులో మా అందరి వేణ్నీళ్లూ బకెట్లతో తెచ్చి రేడియేటర్లో పోసేసింది.

"ఇప్పుడు తిప్పండి!"

గుప్పున నల్లటి పొగ, దడదడమని మోత! నాన్న వేసిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

చర్చికి దాని మీదే వెళ్లాం. అమ్మ పట్టుచీరలో మడ్‌గార్డు మీద. ఇంకా దడదడలాడుతున్న ట్రాక్టరు మీంచి మసి మొహాలతో దిగిన మమ్మల్ని చూసి పాస్టరుగారు, "ఏటమ్మా, పండగ పూట తానాలు సెయ్యనేదా?" అన్నారు.

అమ్మ తలెత్తి చెప్పింది. "మా తానాలన్నీ ఇదే సేసేసిందండీ. సూడండి, ఎలా అరుత్తందో!"