తాళం వేసిన గుమ్మం ముందు తాబేలు

ఒడిశాలోని సెమిలిగుడలో మా ఎదురు క్వార్టరులో ఉండే పార్వతక్క, బదిలీ మీద వెళ్తూ తన తాబేలును నాకు అప్పగించింది. దాని డిప్ప అంచులు మెత్తబడి కుళ్లుతున్నాయి. రాయగడలో పశువుల డాక్టరు చెప్పినట్టు రోజూ మందు రాసి ఎండలో ఉంచేదాన్ని.

ఒక ఉదయం చూస్తే అది లేదు. వీధిలో లారీ చప్పుడు వినిపించింది. పరిగెత్తి వెతికితే, అక్క వాళ్ల తాళం వేసిన గుమ్మం ముందు మెడ చాచి కూర్చుని ఉంది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "వచ్చి తీసుకెళ్తావా అక్కా?"

అక్క వద్దంది. "ఈ కొత్త ఇంట్లోకి ఎండే రాదమ్మీ. నీ కాడే బతకనీ. దానికి నా పేరు మాత్రం సెప్తుండు."

ఇప్పుడు డిప్ప గట్టిపడింది. అయినా గేటు తీస్తే అక్క గుమ్మం వైపే నడుస్తుంది. వెనకాలే వెళ్లి, కాసేపు ఆ మెట్టు మీద కూర్చుని, ఎత్తుకొస్తాను. నిజానికి నాకూ అక్కడ కూర్చోవాలనే ఉంటుంది.