శుక్రవారం గడప దాటని కార్డు

ఆ రోజుల్లో నాకు నోరు అదుపులో ఉండేది కాదు. ఎవరైనా "ఇదేంటి బాబూ?" అంటే చాలు, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోకుండా అడగనిది కూడా విడమరిచి చెప్పేవాణ్ణి. కంప్యూటర్ల చదువు పూర్తిచేసి, తెనాలిలో మా మావయ్య ఫొటో స్టూడియోలో కొత్తగా చేరాను. పెళ్లి వీడియోలను ఎక్కడపడితే అక్కడ దాచి, కావలసినప్పుడు వెతుక్కుంటూ చెమటలు కక్కే మావయ్యను కూర్చోబెట్టి, ఒక పాత సర్వరు కొంటే పెళ్లిళ్లన్నీ అందులో భద్రంగా ఉంటాయని నచ్చజెప్పింది నేనే. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న సర్వరును ఆటోలో తీసుకొచ్చాం. ఆన్ చేస్తే దాని మోత వీధి చివరి వరకూ వినపడేది. (మా అత్తయ్య దానికి పిండిమర అని పేరు పెట్టింది. ఆ పేరే స్థిరపడిపోయింది.)

ఒక గురువారం పొద్దున్న పిండిమర యథాప్రకారం మోగుతోంది గానీ, అందులో పెళ్లిళ్లు కనిపించడం లేదు. "పెళ్లిళ్లన్నీ ఎటుపోయాయిరా?" అన్నాడు మావయ్య. విప్పి చూశాను. డిస్కులు బాగానే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి నడిపించే కంట్రోలర్ కార్డు కాలిపోయింది. సరిగ్గా అలాంటి కార్డే మళ్లీ పెడితే తప్ప డిస్కుల్లో ఏముందో చదవడం కుదరదు. కొత్తది కొందామంటే కంపెనీవాళ్లు ఆ రకం చేయడం ఎప్పుడో మానేశారు. ఇక పాతదే దిక్కు.

అన్ని పెళ్లిళ్ల మాట అలా ఉంచితే, బాపట్లలో ఒక మాస్టారి అమ్మాయి పెళ్లి కూడా అందులోనే ఉండిపోయింది. పెళ్లికూతురి నాయనమ్మ తుంటి విరిగి మంచంమీద ఉండటంతో ఆ పెళ్లి చూడలేకపోయింది. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో తెర కట్టి, ఆవిడను కుర్చీలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి వీడియో వేద్దామని మాస్టారు ఊరందరినీ పిలుచుకున్నారు. వీడియో కోసి అతికి సిద్ధం చేయడానికి శనివారమంతా కావాలి. అంటే శుక్రవారం చీకటి పడేలోగా కార్డు నా చేతిలో ఉండాలి. "లేకపోతే నువ్వే వెళ్లి వాళ్లకి మళ్లీ పెళ్లి చేసిరా" అన్నాడు మావయ్య. నవ్వుతూ అన్నా బాగుండేది.

తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేయగా చేయగా, రేపల్లెలో ఒకాయన ఆఫీసుల పాత కంప్యూటర్లు కొని, విడదీసి, భాగాలు అమ్ముతాడని తేలింది. శుక్రవారం రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటేవరకు నిలబడే ఉన్నాను గానీ, నిలబడ్డానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. అక్కడ అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. ఆ బాబాయి కొట్టంటే ఇంటి ముందుగదే. ఒక గోడకు మదర్‌బోర్డులు, ఇంకో గోడకు దేవుడి పటాలు. మధ్యలో పడక్కుర్చీలో వాళ్లమ్మగారు. నేను కార్డు నంబరు చెప్పగానే బాబాయి అట్టపెట్టెలో చెయ్యిపెట్టి, సరిగ్గా అదే కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది. అంతటితో మాట్లాడకుండా వచ్చేసి ఉంటే ఈ కథే లేదు.

"ఏంటి నాయనా, ఆ రేకుముక్క కోసం తెనాలి నుంచి వచ్చావా?" అంది మామ్మగారు.

"రేకుముక్క కాదండి మామ్మగారూ!" అని మొదలుపెట్టాను. కార్డు ఏం చేస్తుందో చెప్పాను. ఆవిడ ఊకొట్టింది. ఆ ఊకొట్టడం చూసి నాకు మరింత హుషారొచ్చింది. బాబాయి ఆవిడ వెనకాల నిలబడి కళ్లెగరేస్తున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. (మెడ పట్టేసిందేమో అనుకున్నాను.) "ఇదిగో, ఈ అంచు పచ్చగా మెరుస్తోంది చూశారా? ఇది అసలు సిసలు బంగారమండి. తుప్పు పట్టకుండా పూత వేస్తారు."

మామ్మగారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చుంది. "బంగారమా? ఏరా, ఇత్తడన్నావు?"

"ఇన్నేళ్లుగా ఇత్తడని చెప్పుకొస్తున్నానయ్యా!" అని బాబాయి తల పట్టుకున్నాడు.

"శుక్రవారం పూట బంగారం గడప దాటదు" అని తేల్చేసి, మామ్మగారు నా చేతిలోంచి కార్డు తీసుకుని లక్ష్మీదేవి పటం ముందు పెట్టేసింది. "రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపో నాయనా." అది వట్టి పూతేనండి, గోటితో గీరినా రాదండి అని బతిమాలాను. "పూతైనా బంగారం బంగారమే" అంది. బాబాయి చెప్పి చూశాడు. "నువ్వు మాట్లాడకు, ఇత్తడి అన్నావు" అంది.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక నాయనమ్మ తుంటి సంగతి, ముందు వరసలో కుర్చీ సంగతి చెప్పేశాను. "మనవరాలి పెళ్లి చూళ్లేదా పాపం" అని మామ్మగారు తన మోకాళ్లు తడుముకుంది. తర్వాత నా చేతి వంక చూసింది. "ఆ ఉంగరం బంగారమేనా?" అవునన్నాను. మా అమ్మ చేయించింది. "అయితే అది ఇక్కడ పెట్టు, ఇది పట్టుకెళ్లు. బంగారానికి బంగారం ఉంటుంది, గడప దాటినట్టు కాదు. అమ్మకం సంగతి తర్వాత చూసుకోవచ్చు." ఉంగరాన్ని ఒక చేతిలో, కార్డును మరో చేతిలో పెట్టుకుని బరువు చూసి, "నీదే తేలిగ్గా ఉంది. సర్లే, పెళ్లి పని కదా" అని సర్దుకుంది. పరమాన్నం తినేదాకా కదలనివ్వలేదు. కార్డు అంచుకు బొట్టు కూడా పెట్టబోయింది గానీ, అంచు పాడవకుండా బాబాయి చప్పున ఇనపరేకు వైపు తిప్పి పట్టుకున్నాడు.

ఆ కార్డు పెట్టగానే పిండిమరలో పెళ్లిళ్లన్నీ తిరిగొచ్చాయి. ఆదివారం బాపట్లలో నాయనమ్మగారు మనవరాలిని తెరమీద చూసి ఏడ్చి, నవ్వి, మళ్లీ మొదట్నుంచి వేయమంది. వేశాం. నేను హాలు వెనకాల నిలబడి వేలికి లేని ఉంగరాన్ని తిప్పుకుంటున్నాను. సోమవారం వెళ్లేసరికి అది కుంకుడు రసంలో కడిగించుకుని తళతళలాడుతూ పటం ముందు ఉంది. "నీ పుణ్యమా అని ఇక శుక్రవారాలు నా కొట్టుకి సెలవు" అన్నాడు బాబాయి.

మామ్మగారు ఇప్పుడు లేరు. బాబాయి కొట్టు కట్టేస్తూ ఆ అట్టపెట్టెలన్నీ నాకే ఇచ్చేశాడు. తెనాలిలో ఇప్పుడు పాత సర్వర్ల భాగాలు అమ్మేది నేనే. మొన్న శుక్రవారం బాపట్ల నుంచి ఒకతను అర్జెంటుగా కార్డు కావాలని వచ్చాడు. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "దీని అంచు భలే మెరుస్తోందేంటండి?" అంది.

"ఇత్తడి" అన్నాను.

"కాదండి అక్కా, అది అసలు..." అంటూ అతను హుషారుగా నోరు తెరిచాడు. బల్ల కింద గట్టిగా అతని కాలు తొక్కాను. బిత్తరపోయి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాపం, అతనికి పరమాన్నం తినే యోగం లేకుండా చేశానే అనిపించింది.