సరుగుడు తోట దాటేదాకా

సముద్రం ఒడ్డున ఇల్లుండేదంటే అందరూ నోరు తెరుస్తారు. నాకు మాత్రం చీపురే గుర్తొస్తాది. పొద్దున్న ఊడిస్తే పదింటికి మళ్ళీ ఇసకే. పదింటికి ఊడిస్తే మధ్యాన్నం గాలికి మంచాల కింద ఇసక, కిటికీ రెక్కల మీద ఇసక, ఆఖరికి ఉప్పు జాడీలో కూడా ఇసక. ఆ ఇంట్లో నువ్వు చేసిన సంసారం ఏటే అని ఎవరైనా అడిగితే, ఊడవడమే అని చెప్తాను.

రాజాంలో మాది ధాన్యం వ్యాపారం. మా మావగారికి ఉబ్బసం. గాలి మార్పు ఉంటే తప్ప తగ్గదని డాక్టరు చెప్తే, భోగాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే బండి దారిలో, సరుగుడు తోటకి అవతల, మూడు గదులూ ఓ వరండా ఉన్న పెంకుటిల్లు కట్టించారు. రెండు వేసవులు ఆ వరండాలో కూచుని హాయిగా ఊపిరి పీల్చుకున్నారు పాపం. మూడో వేసవి రాకుండానే పోయారు. ఇల్లు ఖాళీగా పెడితే చెదలు పట్టేస్తాదని, తెలిసినవాళ్ళకి వేసవిలో పదేసి రోజులు, పదిహేనేసి రోజులు అద్దెకివ్వడం మొదలెట్టారు మా ఇంటాయన. పందొమ్మిది వందల అరవైల ఆఖరి మాట ఇదంతా.

చూసుకోడానికి ఒక మనిషి కావాలి కదా. అందరూ కూచుని ఆలోచిస్తుంటే మా అత్తగారు నా వైపు చూసింది.

"పిల్లా జెల్లా నేనిదానివి, ఇక్కడ నీకేటి పని? నువ్వెల్లి సూసుకో" అంది.

పెళ్ళయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. మంచిదే, ఆవిడ మాటలకంటే సముద్రం హోరే నయం అనుకున్నాను. వెనక గది నాది, ముందు రెండు గదులూ వరండా వచ్చినవాళ్ళవి. మా ఇంటాయన ఆదివారాలు వచ్చేవారు, అదీ వీలైతే.

గాలి మార్పుకని వచ్చే జనాన్ని చూడాలి! శ్రీకాకుళం ప్లీడరు గారి అత్తగారు సముద్రం రాత్రిపూట చప్పుడు చేస్తోంది, ఆపడానికేమైనా వీలుందా అని నన్నే అడిగింది. ఇంట్లో బల్లులున్నాయని ఇంకొకాయన మొహం మాడ్చుకున్నాడు. బల్లుల వాటా అద్దె బల్లుల దగ్గరే వసూలు చేసుకుంటానన్నాను. నా నోరు అలాంటిది. వచ్చినవాళ్ళు మళ్ళీ రాకపోతే నా నోటివల్లేనని మా ఇంటాయన అనేవారు.

ఒక్క మనిషి మాత్రం ఆ నోటి కోసమే వచ్చేది.

విజయనగరంలో బడి మేస్టారి భార్య ఆవిడ. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. గుండె కవాటమేదో సరిగా లేదట, చిన్నప్పుడు జ్వరమొచ్చి పాడయిందట. నూతి దగ్గర్నుంచి వరండాకి వచ్చేలోపల రెండుసార్లు కూచునేది. అలిసిపోతే పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయిపోయేవి. మొదటి వేసవి వచ్చినప్పుడు ఎండలో ఇసక మీద నడుస్తుంటే చూసి కేకలేశాను. "ఒసే, నీకు బుర్ర ఉన్నాదా? గుండె బాగోలేనిదానివి ఈ ఎండలో ఊరేగింపేటి? పద లోపలికి!" అద్దెకొచ్చిన మనిషిని ఒసే అన్నానని తరవాత నాలిక్కరుచుకున్నాను. ఆవిడ మాత్రం పడీపడీ నవ్వింది.

"మా అమ్మ పోయాక నన్నెవరూ ఇలా తిట్టలేదు వదినా" అంది. అంతే, ఆ రోజునుంచి నేను వదిన్ని. మేస్టారు నన్ను చెల్లెమ్మా అనేవారు. వాళ్ళకి అయిదేళ్ళ కూతురు. అది నన్ను అత్తా అనేది.

ఆ పిల్లని నేను వదిలేదాన్ని కాదు. తలంటేదాన్ని, జడలేసేదాన్ని, పల్లె వాళ్ళ చేత తాటిముంజెలు తెప్పించి వలిచి పెట్టేదాన్ని. ఒకరోజు నేను దాన్ని ఒళ్ళో వేసుకుని ఉంటే వాళ్ళమ్మ గోడకి జేరబడి చూసి, "మీరు నాకు ఇల్లు అద్దెకిచ్చారు, నేను మీకు పిల్లని అద్దెకిచ్చాను వదినా. కానీ గుర్తుంచుకోండి, పదిరోజులే!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి ఎందుకో కాసేపు ఏడ్చాను. కోపంతో కాదు. అంత తేలిగ్గా, అంత ప్రేమగా నా కష్టం గురించి ఎవరూ నా ముందు మాటాడలేదు.

మూడు వేసవులు వచ్చారు. ఏడాదంతా నేను ఆ పదిరోజుల కోసమే ఉండేదాన్ని. ఇందులో దాచుకోడానికేముంది? మిగతా వాళ్ళు అద్దెకొచ్చేవారు, వాళ్ళు నాకోసం వచ్చేవారు.

ఇప్పుడు చీపురు సంగతి చెప్పాలి.

మనిషి ప్రయాణమై గడప దాటాక మన ఇళ్ళల్లో వెంటనే ఊడవరు. పొలిమేర దాటేదాకా చీపురు ముట్టరు. శవం లేచిన ఇంటినే వెంటనే ఊడిచి కడుగుతారు. సొంత ఇంట్లో అయితే సరే. అద్దెకిచ్చే ఇంట్లో పొద్దున్న ఒకళ్ళు వెళ్తారు, మధ్యాన్నం ఇంకొకళ్ళు దిగుతారు. ఇసక చూస్తే మడమ లోతు. అందుకని మాకో ఏర్పాటుండేది. పక్క పల్లెనుంచి పనికొచ్చే మనిషి ఒకావిడ ఉండేది, చేపలమ్ముకునేవాళ్ళ ఇంటి మనిషి, నేను అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేదాన్ని. బండి కదిలాక ఆవిడ వాకిట్లో నిలబడేది. ఇసకలో ఎడ్ల నడక కదా, మెల్లిగా వెళ్ళి వెళ్ళి బండి సరుగుడు తోట దాటాక, "దాటీసినారమ్మా!" అని కేక పెట్టేది. అప్పుడు చీపురు తీసేవాళ్ళం. అదే మా పొలిమేర. ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ ఒక్కరోజు తప్ప.

మూడో వేసవి వచ్చినప్పుడు మేస్టారి భార్య బాగా చిక్కిపోయింది. సముద్రం దాకా నడవలేకపోయింది. వరండాలోనే పడక్కుర్చీ వేసి కూచోబెట్టాను. వెళ్ళే రోజు పొద్దున్న నా చెయ్యి పట్టుకుని, "వచ్చే వేసవికి ఈ గది ఇంకెవరికీ ఇవ్వకండి వదినా. నేనొస్తాను. మళ్ళీ ఇక్కడికి రావాలని అనుకుంటూ ఉంటేనే మందులు పనిచేస్తున్నట్టుంది నాకు" అంది.

"రాకపోతే ఊరుకుంటానేటి? విజయనగరం వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తాను" అన్నాను.

"అయితే వచ్చి తీరతాను. వెళ్ళొస్తాను వదినా" అంది. బొట్టు పెట్టాను. పిల్ల నా మెడ పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. బండెక్కారు. భోగాపురంలో విజయనగరం బస్సు అందుకోవాలి.

బండి ఇంకా నూరు బారలు కూడా వెళ్ళలేదు. తోట వైపునుంచి జీపొచ్చి వాకిట్లో ఆగింది. మధ్యాన్నం రావలసిన ఆఫీసరు గారి కుటుంబం, పొద్దున్నే దిగిపోయారు. మా ధాన్యం వ్యాపారం లైసెన్సు కాయితం ఆయన చేతిలో ఉన్నాది. వాళ్ళకి ఏ లోటూ రాకూడదని మా ఇంటాయన ముందునుంచీ కబురు మీద కబురు పెడుతున్నారు. ఆఫీసరు గారి భార్య వరండా మెట్టెక్కి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, గచ్చుమీద ఇసక చూసి, "ఇదేమిటి, ఊడవనైనా లేదు?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "అప్పా, చీపురందుకో" అన్నాను.

అప్ప కదల్లేదు. "ఆల్లు ఇంకా తోట దాటనేదు తల్లీ. అదిగో, బండి అగుపిస్తన్నాది గదా. ఇప్పుడు ఊడ్సడమేటి? నాను ముట్టను" అంది.

"నాకు సెప్పొచ్చావు! నువ్వు ముట్టకపోతే నాకు సేతుల్లేవా?" అని విసురుగా నేనే చీపురు తీసి వరండా ఊడవడం మొదలెట్టాను. కోపం ఆ ఆఫీసరమ్మ మీద, నా మొగుడి మీద, మూడేళ్ళుగా నా పదిరోజులూ ఇలా గబుక్కున అయిపోతున్నందుకు. కోపమంతా చీపురు మీదకెళ్ళింది. ఇసక గుమ్మం దాకా ఎగిరి పడేలా ఊడిచాను.

"ఓలమ్మో, ఆయమ్మ సూసీసింది" అంది అప్ప.

తలెత్తాను. బండి వెనకనుంచి ఆవిడ చెయ్యి ఊపుదామని తిరిగినట్టుంది. చెయ్యి సగం లేచి ఉంది. అలాగే ఆగిపోయింది. ఆవిడ పక్కన పిల్ల, అదీ చూస్తోంది. నేను వంగిన నడుంతో, చేతిలో చీపురుతో నిలబడిపోయాను. అంత దూరంనుంచి మొహం సరిగా కనబడదంటారా? నాకు కనబడింది. తరవాత ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

దీనికి విరుగుడు ఉందండీ. ప్రతి ఇంట్లోనూ ఉందే. ప్రయాణానికి అపశకునమైతే వెనక్కి పిలిచి, కాళ్ళు కడుక్కోమని, కాసేపు కూచోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళిచ్చి మళ్ళీ పంపిస్తారు. అంతే. పరిగెత్తి బండి ఆపితే సరిపోయేది. ఎడ్లబండి కదా, ఎంత దూరం పోతాది? "ఎల్లు తల్లీ, ఈల్లని నాను సూస్తాను" అని అప్ప నన్ను తోసింది కూడా. ఆఫీసరమ్మ చూస్తోంది. సిగ్గేసింది. వాళ్ళ ముందు చీర ఎగ్గట్టి ఇసకలో పరిగెత్తడానికి నాకు సిగ్గేసింది. వచ్చే వేసవి వస్తారు కదా, అప్పుడు కాళ్ళు పట్టుకుని చెప్పుకుంటాలే అనుకున్నాను. మిగతా గదులు కూడా ఊడిచేశాను.

వానాకాలంలో ఇల్లు మూసేసి రాజాం వచ్చేశాను. ఒకరోజు మా ఇంటాయన దుకాణం నుంచి వచ్చి వీధిలోనే కాళ్ళు కడుక్కున్నారు. లోపలికొచ్చి, "విజయనగరం మేస్టారి దగ్గర్నుంచి కార్డొచ్చింది. ఆవిడ పోయిందంట, శ్రావణంలో" అన్నారు.

"ఏదీ ఆ కార్డు?"

"చావు కబురు ఇంట్లోకి తెస్తారేటి? సదివి సింపీసాను."

నాకు చూడ్డానికి ఆ కార్డు ముక్క కూడా మిగల్లేదు. ఆ రోజు అన్నం కలుపుకుని అలాగే కూచుండిపోయాను. మా అత్తగారు, "అద్దెకొచ్చిన మనిసి పోతే నీకీ ఏడుపేటి?" అంది.

అందరూ ఒకటే చెప్పారు, గుండె జబ్బు మనిషి, చీపురేం చేసిందే పిచ్చిదానా అని. నాకూ తెలుసు. నేనేమీ వెర్రిదాన్ని కాదు. చీపురుతో మనుషులు చావరు. నా బాధ అది కాదు. శవం వెళ్ళిన ఇంటిలా నా గదిని వెనకాలే ఊడిచేసింది వదిన, అనుకుంటూ ఆవిడ వెళ్ళింది. మళ్ళీ వస్తానన్న ఒక్క ఆశతో మందులు మింగే మనిషికి, నువ్వు ఇంక రావులే అని నేనే చెప్పినట్టయింది. ఆ రెండు నెలలూ ఆ మంచం మీద ఆవిడ ఏమనుకుందో, నన్ను తిట్టుకుందో, క్షమించిందో! తిట్టుకునే రకం కాదు. అదే నన్ను కాల్చేస్తాది.

మరుసటి వేసవి ఆ ముందు గదులు ఎవరికీ ఇవ్వనన్నాను. మా ఇంటాయన అరిచారు. అరవండన్నాను. వైశాఖంలో ఒకరోజు, ఉదయం ఎనిమిదింటికి, వాకిట్లో ఎడ్లబండి ఆగింది. మేస్టారు, పిల్ల. పిల్ల పొడుగైంది. జడలు సరిగా వెయ్యలేదెవరో, పాపిడి వంకరగా ఉంది.

"ఉండడానికి రాలేదు చెల్లెమ్మా. అత్తనీ సముద్రాన్నీ చూస్తానని ఇది గోల. ఓ గంట ఉండి వెళ్ళిపోతాం" అన్నారాయన.

పిల్లని కూచోబెట్టి జడలు విప్పి మళ్ళీ వేశాను. ఆయన వరండాలో, ఆవిడ కూచునే చోట, పడక్కుర్చీ జోలికి పోకుండా కింద కూచున్నారు. నేను ఉండబట్టలేక అనేశాను. "అన్నయ్యగారూ, ఆ రోజు నేను..."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"బండి ఆపమంది చెల్లెమ్మా. వెనక్కెళ్దాం, వదిన దగ్గర గ్లాసుడు మంచినీళ్ళు తాగి బయల్దేరదాం అంది. మీరు ఏదో కోపంలో ఉన్నట్టున్నారు, అలా వదిలి వెళ్ళకూడదంది. బస్సు పోతుందన్నాను. నీ చాదస్తమేమిటని కసురుకున్నాను కూడా" అన్నారు. "బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటా రోడ్డు పక్క రాయి మీద కూచుని ఇటువైపే చూసింది."

నేను ఏడ్చాను. ఆయన ముందే, పిల్ల ముందే, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నేను పరిగెత్తకపోయినా ఆవిడ వెనక్కి రాబోయింది. అపశకునం కోసం కాదు, నా కోపం కోసం.

వెళ్ళేముందు లోపలికెళ్ళి రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చాను. పిల్ల గడగడా తాగేసింది. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూచున్నారు. తాగలేకపోయారు. కాసేపయ్యాక ఆ నీళ్ళు వాకిట్లో మల్లె మొదట్లో పోసి, గ్లాసు నాకందించి, లేచారు.

బండి కదిలింది. అప్ప ఎప్పట్లాగే వాకిట్లోకొచ్చి నిలబడింది. నేనూ వెళ్ళి అప్ప పక్కన నిలబడ్డాను. బండి ఇసకలో మెల్లిగా పోతోంది. కొంచెం దూరం వెళ్ళాక పిల్ల వెనక్కి తిరిగింది. నా మొహం చూడలేదది. నా చేతులు చూసింది.

రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, దానికి చూపించాను. సరుగుడు తోట దాటేదాకా దించలేదు.