ఉప్పు తిన్నవాళ్ళు బేరమాడరు

కాలువ నీళ్ళు కొత్తగా పారుతున్న ఆ రోజుల్లో సిరుగుప్పలో ఇల్లు అమ్మడం అసలొక పనే కాదనేవాళ్ళు. కోస్తా నుంచి రైతులు భార్యాబిడ్డలతో, వరి విత్తనాలతో దిగుతున్నారు; తల దాచుకోవడానికి ఏ కొంపైనా చాలు. అంత గిరాకీలో కూడా ఇల్లు అమ్ముకోలేకపోయిన ఘనుడు ఊరు మొత్తానికి ఒక్కడే. ఆ ఘనుణ్ణి నేనే.

మా అమ్మ పోయాక ఆ మిద్దె ఇంటికి నేనొక్కణ్ణే మిగిలాను. పని యశ్వంతనగర్‌లో, గనుల ఆఫీసు గుమాస్తాగా. వారమంతా అక్కడ ఎర్రదుమ్ములో ఒక గది, ఆదివారం ఇక్కడ ఖాళీ ఇల్లు. రెండు చోట్లా పలకరించే మనిషి లేడు. ఇల్లు అమ్మేసి అక్కడే స్థిరపడదామనుకున్నాను. మా వీధిలో ఇళ్ళ బేరాలు కుదిర్చే గొడుగు దలాలి అని ఒకాయన ఉండేవాడు (ఆ గొడుగు ఎండకూ వానకూ విప్పగా ఎవరూ చూడలేదు, దాంతో గుమ్మాలు కొలిచేవాడు). బేరం తనకు వదిలెయ్యమని అడిగాడు. చదువుకున్నవాణ్ణి, నోరున్నవాణ్ణి, నాకు దలాలి ఎందుకని పంపేశాను.

ఆదివారం పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేవాణ్ణి. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఇల్లు చూడవచ్చినవాళ్ళకు ముందు ఉగ్గాని, తర్వాత కాఫీ, ఆ తర్వాతే ఇల్లు. ఒక కోస్తా ఆయన్ని మిద్దె పైకి ఎక్కిస్తే, కప్పు మీద పరిచిన చౌడుమట్టి చూసి, "ఇంటి మీద చేను వేశారేంటండీ?" అన్నాడు. ఆ మట్టి వేసవిలో ఎంత చల్లనో, వానకు ఏ మూల కారుతుందో, కారినప్పుడు మా అమ్మ కింద ఏ గిన్నె పెట్టేదో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. రేటు చెబితే తలూపి, తమరు చాలా మంచివారని నా చేతులు పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఎవరూ మళ్ళీ రాలేదు. అయినా నేను ఆదివారం కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవాణ్ణి (ఇల్లు అమ్ముడుపోవాలనే లెండి).

వానలు దగ్గరపడ్డాయి. మిద్దెకు కొత్త మట్టి వేయించకపోతే గోడలు నిలవవు. గత్యంతరం లేక మా ఇంటి ఎదురు హోటల్లో ఉన్న దలాలి దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆయన, "ఉప్పు తిన్న ఇంట్లో బేరమాడేకి ఎవురికి నోరొస్తాదప్పా? తగ్గించమని అడగలేక పోతాండారు. పొయ్యి ఆర్పు. నువ్వు ఈడనే కూకో," అన్నాడు.

నన్ను హోటల్లో కూర్చోబెట్టి, ఎదురుగా నా ఇంట్లోకి ఆయనే మనుషుల్ని తీసుకెళ్ళాడు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అదే కోస్తా ఆయన, అదే కారే మూల కింద నిలబడి, ఇదీ ఒక ఇల్లేనా అని గొంతు చించుకోవడం వీధి దాటి వినిపించింది. గంటలో ఆయనతోనే బేరం కుదిరింది. నాకు ఏడుపొచ్చింది. ఇక ఆదివారాలు ఏం చేయాలో తెలియలేదు.

పై ఆదివారం యశ్వంతనగర్ గదిలో ఉండలేక మళ్ళీ బస్సెక్కాను. సిరుగుప్పలో దిగాక గుర్తొచ్చింది, వెళ్ళడానికి చోటు లేదని. దలాలిని పట్టుకుని, నాకొక ఇల్లు కావాలి, చూపించమన్నాను. ఆయన నా ముఖం కేసి ఒకసారి చూసి, గొడుగు చంకన పెట్టుకున్నాడు. ఆ రోజూ, తర్వాతి ఆదివారాలూ చాలా ఇళ్ళు చూశాను. దూలాలు తట్టాను, ఇచ్చిన మజ్జిగ తాగాను, ముసలివాళ్ళ మోకాళ్ళ నొప్పులు విచారించాను. చివర్న వాస్తు బాగా లేదని లేచేవాణ్ణి (వాస్తు అంటే ఈశాన్యమని తప్ప నాకింకేమీ తెలియదు).

ఒకనాడు దలాలి, "ఈపొద్దు ఒక్క ఇల్లే ఉండాది. అది అమ్మేది కాదు," అన్నాడు.

అమ్మకానికి లేని ఇల్లు చూసి ఏం చేయమంటావు మామా అన్నాను.

"సుమ్నె, ఊరికే వచ్చి కూకో. నువ్వు కొనేవాడివి కాదని నాకు మొదటి దినమే తెలుసు," అంటూ తన ఇంటికే తీసుకెళ్ళాడు. ఆయన భార్య ఏమీ అడగకుండా జొన్నరొట్టె, వంకాయ కూర ముందు పెట్టింది. అలవాటుగా దూలం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇన్నేళ్ళకు ఇప్పుడు నాకూ ఇల్లుంది, దాన్నిండా మనుషులున్నారు. వాళ్ళ గోల పడలేక అప్పుడప్పుడు పైకెక్కి కూర్చుంటాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పరాయి ఇళ్ళ గోడలను గంభీరంగా పరీక్షిస్తున్న ఆ కుర్రాడు కళ్ళముందు మెదిలి నవ్వొస్తుంది. వాడు ఏ ఇల్లూ కొనడని ఊరందరికీ ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఒక్కరు కూడా వాణ్ణి గుమ్మంలోంచే పంపేయలేదు.