రెండో వరుస పేరు

వాతావరణ కార్యాలయంలో వానను అందరూ చూస్తారు. వాన కింది నేలను ఎవరూ చూడరు. తెర మీద ఎరుపూ నీలమూ ముసురుకుంటూ జరుగుతుంటే కళ్ళన్నీ ఆ రంగుల మీదే ఉంటాయి. వాటి అడుగున నదులు, రోడ్లు, సరిహద్దులు, ఊళ్ళ పేర్లతో పరుచుకుని ఉండే పటం పెళ్ళిలో చాపలాంటిది. దాని మీద కూర్చోనివాడు లేడు, దాన్ని తలచుకునేవాడూ లేడు. బిజెక్ చపోలా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చాప అల్లాడు.

మొదట్లో సిరాతో, పల్చటి కాగితం మీద. తరవాత కంప్యూటరు వచ్చింది. ఎక్కడో చలిదేశంలో తయారైన ఆ యంత్రం తన పటాన్ని తనే మోసుకొచ్చింది. అందులో నేల పచ్చరంగు, చిరుజల్లూ పచ్చరంగే. మొదటి ఏడాది జల్లేదో అడవేదో తెలియక పెద్ద పెద్ద చదువులవాళ్ళు తలలు గోక్కున్నారు. బిజెక్ ఒక పూట కూర్చుని నేలకు పొయ్యి బూడిద రంగు పూశాడు. జల్లు కనబడింది. మెచ్చుకున్నవాడు లేడు, రంగు మారిందని గమనించినవాడూ లేడు.

షిరే నది దిగువ లంకల్లో ఆ పటం ఏడే పేర్లు చూపించేది. వాటిలో మూడు, రైలు రావడం మానేసి పాతికేళ్ళయిన స్టేషన్లు. ఆ మూడూ చెరిపేశాడు. సెలవు దొరికినప్పుడల్లా సైకిలేసుకుని లంకలన్నీ తిరిగి నూట పద్నాలుగు పేర్లు చేర్చాడు. నది గీతను మాత్రం ఏమీ చేయలేకపోయాడు. నదిని గీతగా గీసిన మొదటి మనిషి ఏ నది ఒడ్డునా కాపురం చేసి ఉండడు. ఎండల్లో అక్కడ ఈ గట్టున దగ్గితే ఆ గట్టున వినబడుతుంది. వానల్లో గట్టే ఉండదు.

కొన్ని దేశాల్లో రాజును రాజ్యం పేరుతో పిలిచేవారట. షిరే లోయలో అది తలకిందులు. మనిషి పేరే ఊరి పేరు. ఊరిపెద్ద చనిపోతే మేనల్లుడు పీట ఎక్కి ఆ పేరే పెట్టుకుంటాడు, కనక న్యాకుంగు అనే పెద్దకు చావు లేదు. ఆయన లేచి వెళ్ళి మరోచోట పొయ్యి రాజేస్తే ఊరు లేచి వెళ్ళినట్టే. వెనక మిగిలేది మట్టి. మట్టికి పేరుండదు.

మూడేళ్ళ కిందటి వరద తరవాత న్యాకుంగు నలభై గడపలతో కొండ మీదికి మారిపోయాడు. ఏడు గడపలవాళ్ళు మాత్రం వరద తీశాక మిగిలిన తడిమట్టిలో మొక్కజొన్న మడులు వదులుకోలేక లంకలోకి తిరిగొచ్చారు. ఆ ఏడింటిలో ఒకటి బిజెక్ అక్క ఫలెసిది. తమ్ముణ్ణి వీపున కట్టుకుని పెంచిన మనిషి. పెనిమిటీ కూతురూ పోయాక ఆమెకు మిగిలింది ఆ మడి, ఒక రేడియో.

ఒకరోజు న్యాకుంగు కోడిని చంకలో పెట్టుకుని పట్నంలో బిజెక్ ఇంటికి వచ్చాడు.

"ఏమయ్యా, నా పేరును నీళ్ళలో వదిలేశావట."

"అది పాత చోటు, పెద్దాయనా. ఇంకా మార్చలేదు."

"నేనెక్కడుంటే న్యాకుంగు అక్కడ. నీ పటం చూసుకుని సాయం లారీ లంకలో దిగి బురదలో కూరుకుపోయింది. రెండ్రోజులకి గింజలు మొలకలెత్తాయి. మొలకలు తినమంటావా నా జనాన్ని?"

"కింద ఇంకా ఏడిళ్ళున్నాయి కదా."

"అవి ఇళ్ళేంటి, కాపలా గుడిసెలు. మీ అక్కకి నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. నీటిగుర్రమైనా మాట వింటుందేమో గానీ ఆవిడ వినదు."

ఆయన అన్నదానిలో అబద్ధం లేదు. బిజెక్ కోడిని అందుకున్నాడు. మర్నాడు పటంలో చుక్కను కొండ మీదికి జరిపాడు.

కబురు లంకకు చేరింది. ఆ ఆదివారం బిజెక్ వెళ్ళేసరికి ఫలెసి కుండలో మొక్కజొన్న సంకటి, న్సిమా, తిప్పుతోంది. నిప్పుల మీద మ్లంబా చేప కాలుతోంది.

"రా నాయనా. నన్ను కొండెక్కించావటగా. కాళ్ళు నొప్పులైనా లేవు, చిత్రం."

"పెద్దాయన అడిగాడక్కా. ఎలా కాదంటాను?"

"ఆయన పేరు ఆయన పట్టుకుపోనీ. మరి వరదొస్తే రేడియోలో మమ్మల్నేమని పిలుస్తారు?"

"వాన గట్టిగా పడితే పైకి వచ్చేయొచ్చుగా, పిలిచేదాకా ఎందుకు?"

"మబ్బు పట్టినప్పుడల్లా పరిగెడితే మడి నీటిగుర్రాల పాలు. పిలవని పేరంటానికి పోయే అలవాటు నాకు లేదురా. పేరు పిలిస్తే లేస్తాను. పిలవకపోతే ఉంటాను." చేపను తిప్పింది. "నువ్వూ చిన్నప్పుడు అంతే. నీ పేరు పెట్టి పిలిస్తే గాని తిండికి వచ్చేవాడివి కాదు."

"రెండు చోట్లా రాస్తాలే," అన్నాడు బిజెక్.

మాట తప్పలేదు. కొండ మీద 'న్యాకుంగు' అని, లంకలో 'పాత న్యాకుంగు' అని రెండు చుక్కలు పెట్టాడు. రెంటికీ మధ్య నాలుగు కిలోమీటర్లు. లోయంతా తెర మీద ఒకేసారి కనబడేటప్పుడు అది గోరంత దూరం. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అలా పడ్డప్పుడు ఆ యంత్రం ఒక పేరును దాచేస్తుంది. దేన్ని దాచాలో మనమే చెప్పాలి. మొదటి వరుస పేరు ఎప్పుడూ కనబడుతుంది. రెండో వరుస పేరు పటాన్ని పెద్దది చేస్తేనే కనబడుతుంది.

బిజెక్ చాలాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బతికున్న పెద్ద, తను వదిలేసి వచ్చిన మట్టి వెనక నిలబడడమా? ఆ లోయలో పుట్టినవాడి చేతికి అది రాదు. న్యాకుంగును మొదటి వరుసలో ఉంచి పాత న్యాకుంగును రెండో వరుసలో వేశాడు. తెర చూసి రేడియోకు పేర్లు చదివే తమందనితో, "అమ్మాయ్, లంకల దగ్గర పటాన్ని ఒక్కసారి పెద్దది చేసి చూడు," అని చెప్పాడు. ఆమె చీటీ రాసి తెర అంచున అంటించుకుంది.

గాలివాన మార్చిలో సముద్రం మీదనుంచి వచ్చింది. ఎగువ కొండల్లో రెండ్రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున యంత్రం లంకల మీద నీలం పరిచింది. నీళ్ళు రాబోయే మేర అది. ఆ నీలంలో తెర మీద కనబడ్డ పేర్లు అరవై ఒకటి. అంటించిన చీటీ ఆ ముసురుకి ఎప్పుడు ఊడి పడిందో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు బిజెక్ కింద భోజనాల గదిలో ఉన్నాడు. గోడ మీది రేడియోలో తమందని ఎగువనుంచి దిగువకు చదువుకుంటూ వస్తోంది. చిమ్ఫంగ అంది. పాత న్యాకుంగు రావలసిన చోట ముయాంగ అంది.

అతను న్సిమా వదిలేసి లేచాడు.

మెట్లెక్కి తెర ముందుకు వచ్చాడు. నీలానికి గోరంత అవతల పొడి నేల మీద న్యాకుంగు క్షేమంగా ఉన్నాడు. లంక ఖాళీగా ఉంది. పటాన్ని ఒక్కసారి పెద్దది చేశాడు. నీలంలోంచి చిన్న అక్షరాలు పైకి తేలాయి.

"ఇది చదువు," అన్నాడు.

"జాబితా అయిపోయింది బాబాయ్," అంది తమందని. అని, తెర చూసింది.

మళ్ళీ మైకు దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది. మూడుసార్లు చదివింది. బిజెక్ కొండకు ఫోను చేశాడు. న్యాకుంగు డప్పులు ఇచ్చి మనుషుల్ని కిందికి పంపాడు. కొండ పాదం దగ్గరే వాళ్ళకు నీళ్ళు ఎదురొచ్చాయి. వాళ్ళక్కడే నిలబడి డప్పు కొట్టారు. ఆ వానలో పక్కవాడి డప్పే పక్కవాడికి వినబడలేదు.

నాలుగో రోజున పడవవాళ్ళు తాటిచెట్టు మీదనుంచి దొరిక అనే పొరుగామెను దించారు. ఏడిళ్ళ పంతొమ్మిది మందిలో దక్కింది ఆమె ఒక్కతే. బిజెక్ వెళ్ళేసరికి కొండ మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉంది.

"పేర్లు చదువుతుంటే అందరం మీ అక్క గుమ్మంలోనే ఉన్నాం," అంది. "చిమ్ఫంగ అన్నారు, ముయాంగ అన్నారు. మనదేంటి అనలేదూ అన్నాను. మీ అక్క నవ్వింది. మా తమ్ముడు గీసిన పటమే అది, మనకి నీళ్ళొస్తుంటే వాడు పిలవడా అంది. సెల్లు అయిపోతాయని రేడియో కట్టేసి చేపలు లోపల పెట్టింది."

ఆ సాయంత్రం వెనక్కి వస్తూ దారిలో బిజెక్‌కు ఒక సంగతి తట్టింది. లంక చుక్కకు కుడివైపున ఉన్న పేరును ఎడమవైపుకు జరిపితే రెండూ పట్టేవి. చిటికెలో పని. వరుస గురించి అంతసేపు ఆలోచించినవాడికి పక్క గురించి తోచలేదు.

విచారణకు పెద్దలు వచ్చారు. హెచ్చరిక సకాలంలో వెలువడింది అని రాసుకున్నారు. నిజమే. పాత న్యాకుంగు పేరు పటంలో ఉందా అని బిజెక్‌ను అడిగారు. ఉంది అన్నాడు. అదీ నిజమే.

ఫలెసి దొరకలేదు. గుడిసె ఉన్నచోట ఇసక వేసింది. కొండ మీద ఉత్త చాప చుట్టూ కూర్చుని ఏడ్చారు. న్యాకుంగు వచ్చి బిజెక్ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నేను అడగబట్టే మార్చావు. ఆ పాపం నా మీద వెయ్యి."

"పేరు మీది పెద్దాయనా," అన్నాడు బిజెక్. "వరుస నాది."

ఉద్యోగంలో అతనికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. చివరి వారంలో పాత న్యాకుంగును చెరిపేసి అదే చుక్క దగ్గర, ఎడమవైపున, 'ఫలెసి' అని రాశాడు. మొదటి వరుసలో వేశాడు. ఆమె పీట ఎక్కిన మనిషి కాదు. మట్టికి పేరుండదన్న లోయలో అది తప్పే. అయినా ఎవరూ అడగలేదు. చాపను ఎవరు చూస్తారు?

జనవరిలో మళ్ళీ నీలం పరుచుకుంది. తమందని చదువుతూ వచ్చి చిమ్ఫంగ అంది. ఫలెసి అంది. ముయాంగ అంది.

కొండ మీద న్యాకుంగు రేడియో వైపు తల తిప్పాడు. లంకలో లేచి రావడానికి ఆ యేడు ఎవరూ లేరు. ఇసక పక్కన తనంతట తాను మొలిచిన మొక్కజొన్నను నీటిగుర్రాలు మొదలంటా మేసిపోయాయి.